గిటార్‌లో మిడ్ బూస్ట్, మూడో పాఠం: బ్యాటరీ అయిపోయినా గిటార్ మోగాలి

గత పాఠంలో మిడ్ బూస్ట్ బోర్డును, అంటే గిటార్ స్వరంలో మధ్య ఫ్రీక్వెన్సీలను పెంచే చిన్న సర్క్యూట్‌ను, బల్ల మీదే పెట్టి విన్నాం. ఈసారి దాన్ని గిటార్‌లోకి ఎక్కిస్తాం. బోర్డు కట్టడం కంటే ఈ పనికే ఎక్కువ శ్రద్ధ కావాలి. కచేరీ మధ్యలో బ్యాటరీ చేతులెత్తేస్తే, టోన్ నాబ్ నొక్కగానే మామూలు స్వరం తిరిగి రావాలి. అందుకే సిగ్నల్ ఎప్పుడూ బోర్డు గుండానే వెళ్లేలా బిగించడం నాకు సమ్మతం కాదు.

చెన్నైలో ఉన్నవారు ఎలక్ట్రానిక్స్ విడిభాగాల బజారైన రిచీ స్ట్రీట్‌కు వెళ్లి 6.35 మి.మీ. స్టీరియో జాక్, 9 వోల్టుల బ్యాటరీ క్లిప్ అడగండి. పాత టోన్ పాట్ (నాబ్ కింద తిరిగే రెసిస్టర్) విలువకు సరిపోయే పుష్-పుల్ పాట్, అంటే నాబ్‌ను లాగినా నొక్కినా మారే స్విచ్ అడుగున ఉన్న పాట్ కూడా కావాలి. ఇది మామూలు పాట్ కంటే లోతుగా ఉంటుంది కాబట్టి, బయలుదేరే ముందే గిటార్ లోపలి గుంట లోతు కొలిచి పెట్టుకోండి.

ముందు జాక్. దానికి మూడు కాంటాక్టులు: ప్లగ్ మొనను తాకే టిప్, నడుమ రింగ్, ప్లగ్ ఒంటిని తాకే స్లీవ్. స్లీవ్‌కు గ్రౌండ్ వైర్లన్నీ, టిప్‌కు సిగ్నల్, రింగ్‌కు బ్యాటరీ నల్ల వైరు. ఎర్ర వైరు నేరుగా బోర్డుకు. గిటార్ కేబుల్ ప్లగ్ మోనో కాబట్టి, లోపలికి దూరగానే దాని లోహపు ఒళ్లు రింగ్‌నూ స్లీవ్‌నూ కలిపేస్తుంది, బోర్డుకు కరెంటు అందుతుంది. ప్లగ్ తీస్తే ఆగిపోతుంది. అంటే బ్యాటరీకి స్విచ్ జాకే, నాబ్ కాదు. బూస్ట్ వాడకపోయినా కేబుల్ గుచ్చి ఉంచితే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయ్యాక కేబుల్ లాగేయడం అలవాటు చేసుకోండి.

ఇక పుష్-పుల్ అడుగున ఉన్న ఆరు కాళ్లు. మూడేసి చొప్పున రెండు వరుసలు. ఒక వరుస నడిమి కాలికి వాల్యూమ్ పాట్ నుంచి వచ్చే వైరు, రెండో వరుస నడిమి కాలికి జాక్ టిప్‌కు వెళ్లే వైరు. నాబ్ నొక్కి ఉన్నప్పుడు నడిమి కాళ్లతో కలిసేవి ఏవో మల్టీమీటర్‌తో చూసి, ఆ రెండింటినీ చిన్న వైరు ముక్కతో కలపండి. అదే బోర్డును తాకని నేరు దారి. మిగిలిన రెండు కాళ్లలో మొదటి వరుసది బోర్డు ఇన్‌పుట్‌కు, రెండోది అవుట్‌పుట్‌కు. నాబ్ లాగినప్పుడు స్పీకర్‌లో ‘టప్’ మనకుండా, బోర్డు ఇన్‌పుట్ నుంచి ఒకటి, అవుట్‌పుట్ నుంచి ఒకటి, 1 మెగాఓమ్ రెసిస్టర్లను గ్రౌండ్‌కు వేయండి. కెపాసిటర్ల బయటి కొసల్లో నిలిచే చార్జ్‌ను ఇవి ముందే గ్రౌండ్‌కు దించేస్తాయి.

బూస్ట్ ఎంత ఉండాలి? ఫెండర్ వారి ఎరిక్ క్లాప్టన్ స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో 25 డెసిబెల్స్ వరకు ఉంది, అంటే సుమారు 18 రెట్లు. గట్టి సిగ్నల్ ఇచ్చే హంబకర్ (రెండు తీగచుట్టల) పికప్‌తో అంత పెంచితే 9 వోల్టుల్లో అల చదునైపోయి, స్వరం చీలిపోతుంది. శుభ్రమైన స్వరం కావాలంటే 12 డెసిబెల్స్, అంటే నాలుగు రెట్లు చాలు. కీబోర్డు, డ్రమ్స్ నడుమ గిటార్ వినిపించడానికి అది ధారాళంగా సరిపోతుంది.

మూత బిగించే ముందు కరెంటు కొలవండి. క్లిప్‌ను పక్కకు తిప్పి, బ్యాటరీ ప్లస్ మొనకు మాత్రమే తగిలించండి. మీటర్‌ను మిల్లీఆంపియర్లకు మార్చి, ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ మొనకు, మరొకటి క్లిప్‌లో ఖాళీగా ఉన్న మొనకు ఆనించండి. కేబుల్ గుచ్చితే, సిగ్నల్‌ను పెంచే చిప్‌గా టీఎల్072 ఉన్న బోర్డు సుమారు 3 మిల్లీఆంపియర్లు చూపాలి, టీఎల్062 అయితే అర మిల్లీఆంపియర్ లోపే. కేబుల్ తీస్తే ఏ చిప్‌కైనా సున్నా. తీసినా అంకె సున్నాకు దిగకపోతే రింగ్, స్లీవ్ ఎక్కడో అతుక్కున్నాయని అర్థం. 500 మిల్లీఆంపియర్-అవర్ల బ్యాటరీ మీద మొదటి చిప్ సుమారు 160 గంటలు, రెండోది 1,000 గంటలకు పైగా నడుస్తుంది. కాస్త ఎక్కువ చిరుశబ్దం ఉన్నా, ఇంట్లో సాధనకు నేను 062నే ఎంచుకుంటాను.

లోపలి గోడలకు రాగిరేకు అంటించి ఉంటే అది తగిలి షార్ట్ కాకుండా బోర్డు వెనక మందపాటి టేపు చుట్టడం మరవకండి. మిడ్ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర లేవాలో నిర్ణయించే కెపాసిటర్ల సంగతి నాలుగో పాఠంలో.