పాత సైకిల్‌కి స్టిక్కర్ వేసే ముందు

హన్మకొండలో నాది రేడియం స్టిక్కర్ల షాపు. ఆటో అద్దాల మీద పేర్లు, బైకుల మీద డిజైన్లు మా రోజువారీ పని. ఎవరైనా నాన్నగారి పాత నల్ల సైకిల్ తోసుకొచ్చి "దీన్ని కొత్తదానిలా చెయ్యండి" అంటే మాత్రం ఆ పని నేనే చేస్తాను. ఇంట్లో చేసుకోవాలన్నా కష్టమేమీ కాదు.

ఫ్రేమ్ మొత్తం కప్పేయాలని మాత్రం అనుకోకండి. హ్యాండిల్ కింద కంపెనీ బిళ్ళ, చేత్తో గీసిన బంగారు గీతలు ఇంకా మిగిలి ఉంటే అవే ఆ సైకిల్‌కి అందం, వాటిని వదిలేయండి. రాడ్లు కలిసే జాయింట్ల దగ్గర స్టిక్కర్ ఎలాగూ నిలవదు, ముడత పడి లేస్తుంది. అక్కడికి కాస్త ముందే ఆపేయాలి. పై రాడ్, కింది రాడ్, చైన్ కవర్, ఈ మూడూ చేస్తే చాలు, సైకిల్ రూపమే మారిపోతుంది.

అసలు పని శుభ్రం చేయడంలోనే ఉంది. పాత స్టిక్కర్‌ని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మెల్లగా లాగండి. మిగిలిన జిగురుని కిరోసిన్ గుడ్డతో తుడిచి, గిన్నెల సబ్బుతో కడగండి. తుప్పు ఉన్నచోట ఎమరీ పేపర్‌తో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి, బాగా ఆరనివ్వండి. తుప్పు మీదే అంటిస్తే లోపల అది పెరుగుతూనే ఉంటుంది. పెచ్చులు ఊడుతున్న పెయింట్ మీద కూడా వద్దు, స్టిక్కర్‌తో పాటే ఊడొస్తుంది. చివరగా సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. దాని బదులు శానిటైజర్ వాడొద్దు. చాలా వాటిలో గ్లిజరిన్ ఉంటుంది, ఆ జిడ్డు మీద జిగురు పట్టదు.

స్టిక్కర్ షీటునే వినైల్ అంటాం. అందులో మామూలుది సాగదీస్తే మళ్ళీ ముడుచుకుపోతుంది. చదునుగా ఉండే చైన్ కవర్‌కి అది చాలు. రాడ్లకి, వంపు తిరిగిన మడ్‌గార్డ్‌లకి పల్చటి 'కాస్ట్' వినైల్ అడిగి తీసుకోండి. ధర ఎక్కువే, కానీ అంచులు లేవవు.

రాడ్ చుట్టూ దారం చుట్టి కొలవండి. 28.6 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రాడ్‌కి చుట్టుకొలత దాదాపు 90 మిల్లీమీటర్లు వస్తుంది. 100 వెడల్పున కోస్తే, ఒక అంచు మీద ఇంకో అంచు ఎక్కడానికి 10 మిగులుతుంది. ఆ అతుకు నేలవైపు ఉండాలి, అప్పుడు వాననీళ్ళు అందులోకి దిగవు, కంటికీ కనబడదు. కోత అంతా బల్ల మీదే అయిపోవాలి. ఫ్రేమ్ మీద పెట్టి బ్లేడు దించితే పెయింట్ తెగి, అక్కడే తుప్పు మొదలవుతుంది.

నీడలో, తేమ లేని రోజున అంటించండి. వెనక కాగితం ఒక్కసారే తీసేయకుండా కొంచెం కొంచెంగా లాగుతూ, పాత ఏటీఎం కార్డుకి మెత్తటి గుడ్డ చుట్టి మధ్య నుంచి అంచులకి నొక్కుతూ పోవాలి. తర్వాత అంచుల్ని డ్రయ్యర్‌తో వేడి చేసి, వేలితో గట్టిగా అదమండి. విడి అక్షరాలకైతే నీళ్ళలో రెండు చుక్కల షాంపూ కలిపి ముందు చల్లండి, వంకరగా పడితే జరుపుకోవచ్చు. రాడ్లకి మాత్రం పొడిగానే చేయాలి.

బ్రేకు రబ్బర్లు తగిలే రిమ్ము మీద, ఫ్రేమ్ నంబరు మీద ఏదీ అంటించొద్దు. వెనక మడ్‌గార్డ్‌కి మాత్రం ఒక ఎర్ర రిఫ్లెక్టివ్ ముక్క తప్పకుండా వేయండి. మా షాపుకొచ్చే ప్రతి సైకిల్‌కీ దాన్ని నేను ఉచితంగానే వేస్తాను.