సైరన్ మోగే రోజుల్లో ఫ్యాక్టరీ షిఫ్ట్‌కి వెళ్లేవాళ్లకి జాగ్రత్తలు

2025 మే 7న విశాఖలో సివిల్ డిఫెన్స్ మాక్ డ్రిల్ (వైమానిక దాడి జరిగితే జనం ఏం చేయాలో చూపించే రిహార్సల్) జరిగితే మన వైపు చాలామంది టీవీలో చూసి వదిలేశారు. విశాఖలో నేవీ ఉంది, పోర్టు ఉంది, రిఫైనరీ ఉంది, మనకేముంది అన్నారు. మనకి పైడిభీమవరంలో మందుల కంపెనీలు ఉన్నాయి, గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో ఫర్నేసులు (ఇనుము కలిసిన మిశ్రమ లోహాలు కరిగించే కొలుములు) ఉన్నాయి, నెల్లిమర్ల, రాజాం వైపు జూట్ మిల్లులు ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక జనం ఇళ్లు వదిలి లోపలి ఊళ్లకి పోయారు, ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కూడా ఆ రోజుల్లో గుంటూరుకి మార్చారు. కాలేజీని మార్చొచ్చు. నడుస్తున్న ఫర్నేసుని, మందుల సరుకు తయారయ్యే రియాక్టర్‌ని ఎక్కడికీ మార్చలేం, నైట్ షిఫ్ట్‌లో ఉన్న మనిషి దాని పక్కనే ఉండాలి. అందుకే ఇది రాస్తున్నాను, టెన్షన్లు మళ్లీ పెరగకముందే ఒకసారి చదవండి, మీ షిఫ్ట్‌లో ఉన్నవాళ్లకి చదివి వినిపించండి.

యుద్ధం అనగానే అందరూ పైనుంచి పడే బాంబు గురించే ఆలోచిస్తారు. కానీ యుద్ధకాలపు ఫ్యాక్టరీల చరిత్ర చూడండి. 1916 డిసెంబర్ 5న ఇంగ్లండ్‌లోని లీడ్స్ దగ్గర బార్న్‌బో షెల్ (ఫిరంగి గుండ్ల) ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 35 మంది ఆడవాళ్లు చనిపోయారు. మరుసటి నెల, 1917 జనవరి 19న, లండన్ సిల్వర్‌టౌన్‌లో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థాన్ని శుద్ధి చేసే ఫ్యాక్టరీకి మంట అంటుకుని 73 మంది పోయారు. 1918 జూలై 1న ఇంగ్లండ్‌లోనే చిల్‌వెల్ షెల్ ఫ్యాక్టరీలో 134 మంది. మన దేశంలోనే 1944 ఏప్రిల్ 14న బొంబాయి డాక్‌లో పత్తి బేళ్లూ పేలుడు పదార్థాలూ ఒకే ఓడలో ఉండగా పత్తికి నిప్పంటుకుని ఓడ పేలిపోయింది. వీటిలో ఒక్కదాని మీదా శత్రువు బాంబు పడలేదు. ప్రమాదం గేటు లోపలే ఉంది. కాబట్టి ఆకాశం వైపు చూసే ముందు మీ బ్లాకు వైపు చూడండి.

మొదట సైరన్ సంగతి, ఎందుకంటే ఇక్కడ తికమక పడితే ప్రాణం పోతుంది. సివిల్ డిఫెన్స్ వాళ్ల వైమానిక దాడి హెచ్చరిక పైకీ కిందకీ ఊగుతూ రెండు నిమిషాలు మోగుతుంది. ప్రమాదం తప్పింది అని చెప్పే సైరన్ ఊగకుండా ఒకే తీరుగా రెండు నిమిషాలు మోగుతుంది. మరి మీ ప్లాంట్ సైరన్? ఒక్కో కంపెనీలో ఒక్కో పద్ధతి, కొన్ని చోట్ల ఆగకుండా మోగే సైరన్ అంటేనే మంటో గ్యాస్ లీకో అని అర్థం. అంటే బయట ప్రమాదం తప్పింది అని చెప్పే మోత, లోపల పారిపోండి అని చెప్పే మోత ఒకేలా వినిపించే అవకాశం ఉంది. ఇంకా చిక్కేమిటంటే రెండింటికీ చేయాల్సింది పూర్తిగా వేరు. దాడి హెచ్చరిక వస్తే లోపలే, కింది అంతస్తులో, గాజు లేని గోడ పక్కన ఉండాలి. గ్యాస్ లీకైతే గాలి వీచే దిశకి అడ్డంగా బయటికి నడవాలి, గాలికన్నా బరువైన గ్యాస్ పల్లంలో చేరుతుంది కాబట్టి పల్లంలోకి దిగకూడదు. దాడి అనుకుని సెల్లార్‌లో దాక్కున్నవాడి దగ్గరికి సాల్వెంట్ (మందుల తయారీలో వాడే, సులువుగా ఆవిరయ్యే ద్రావకం) ఆవిరి వచ్చి చేరితే ఎవరూ కాపాడలేరు.

అందుకని ఈ వారమే సేఫ్టీ ఆఫీసర్‌ని సూటిగా అడగండి: ఊరి సైరన్ మోగితే మనం ఎక్కడికి వెళ్లాలి, మన సైరన్ మోగితే ఎక్కడికి వెళ్లాలి, రెండూ ఒకేసారి మోగితే ఎవరి మాట వినాలి. మైకులో తెలుగులో చెప్తారా? హిందీలో, ఒడియాలో కూడా చెప్పాలి, ఎందుకంటే కాంట్రాక్టు పనివాళ్లలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, వాళ్లకి తెలుగు ప్రకటన గోలలాగే వినిపిస్తుంది. సమాధానం లేకపోతే రాతపూర్వకంగా అడగండి. షెల్టర్‌గా చూపించిన చోటు పైప్ ర్యాక్ కింద, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, ట్యాంక్ ఫారం (నిల్వ ట్యాంకులు ఉండే చోటు) దగ్గర ఉంటే ఒప్పుకోకండి. దాక్కునే చోట బోర్లా పడుకుని, మోచేతుల మీద ఛాతీని కాస్త ఎత్తి, చెవులు మూసుకుని, నోరు కొద్దిగా తెరిచి ఉంచాలి, పేలుడు ఒత్తిడికి చెవులు దెబ్బతినకుండా. గేట్లకి తాళాలు వేసేసి సెక్యూరిటీ వాళ్లు వెళ్లిపోయే అలవాటు ఉంటే దాన్ని ముందే ఆపించాలి. అత్యవసర ద్వారం తాళంచెవి ఆ ద్వారం దగ్గర నిలబడే మనిషి చేతిలో ఉండాలి.

ఇక బ్లాక్ అవుట్, అంటే శత్రు విమానాలకి కనపడకుండా ఊరంతా లైట్లు ఆర్పేయడం. లైట్లు ఆర్పడం ఇంట్లో సులువు, ఫ్యాక్టరీలో కాదు. మందుల కంపెనీలో పనిచేసేవాళ్లకి చెప్పాల్సింది స్టిర్రర్ గురించి, అంటే రియాక్టర్‌లో సరుకుని కలిపే మర గురించి. రియాక్టర్‌లో ముడిసరుకు వేస్తుండగా కరెంటు పోతే స్టిర్రర్ ఆగిపోతుంది, కానీ డోసింగ్ (సరుకు కొద్దికొద్దిగా వదలడం) ఆపకపోతే సరుకు కలవకుండా పేరుకుంటూ ఉంటుంది. కరెంటు రాగానే ఎవరో ఒకరు తొందరపడి స్టిర్రర్ ఆన్ చేస్తారు, పేరుకున్నదంతా ఒక్కసారిగా కలిసి వేడి పుట్టి అదుపు తప్పుతుంది. కాబట్టి మొదట డోసింగ్ వాల్వ్ మూయండి, కూలింగ్ నడుస్తోందో లేదో చూడండి, టెంపరేచర్ రాసుకోండి, మళ్లీ తిప్పాలా వద్దా అన్నది షిఫ్ట్ ఇన్‌ఛార్జి చెప్పేదాకా స్విచ్ మీద చెయ్యి వేయకండి. బ్లాక్ అవుట్ ఉంటుందని ముందే తెలిసిన రాత్రి వేడి పుట్టే బ్యాచ్ అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది, ఈ మాట ప్రొడక్షన్ వాళ్లకి నచ్చకపోయినా అడగాల్సిందే. చీకట్లో ఫోన్ టార్చ్ వేసుకుని సాల్వెంట్ ఏరియాలోకి వెళ్లకండి, ఫ్లేమ్‌ప్రూఫ్ టార్చ్ ఎన్ని ఉన్నాయో, ఛార్జింగ్ ఉందో పగలే లెక్క చూసుకోండి.

ఫెర్రో ఫర్నేసు వాళ్లది ఇంకో కష్టం. ట్యాపింగ్ చేసేటప్పుడు, అంటే కరిగిన లోహాన్ని బయటికి వదిలేటప్పుడు, వచ్చే వెలుగు చాలా దూరం కనిపిస్తుంది కాబట్టి షెడ్డు చుట్టూ రేకులో తార్పాలిన్లో కట్టి మూసేయమంటారు. మూస్తే వెలుగుతో పాటు గాలి కూడా ఆగుతుంది, ఫర్నేసు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ లోపలే తిరుగుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ఉన్నట్టుండి తలనొప్పి, వాంతి వచ్చేలా అనిపించడం, కాళ్లు తేలిపోవడం, అదీ ఒకేసారి ఇద్దరు ముగ్గురికి అయితే ఎండ దెబ్బ అని కూర్చోబెట్టకండి, వెంటనే బయటి గాలిలోకి తీసుకెళ్లండి. గ్యాస్ మీటర్ లేకుండా షెడ్డు మూయకూడదు. రెండోది ఇసుక బస్తాలు. రక్షణ కోసం అని ఎక్కడ పడితే అక్కడ పేరుస్తారు, వాన పడితే అవి నీళ్లు తాగి ఉంటాయి, కరిగిన లోహం తడి ఇసుక మీద పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై లోహాన్ని మనుషుల మీదకి ఎగజిమ్ముతుంది. ట్యాపింగ్ పిట్ దగ్గర, లాడిల్ (కరిగిన లోహం మోసే పాత్ర) నడిచే దారిలో ఒక్క తడి బస్తా కూడా ఉండకూడదు. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

జూట్ మిల్లుల్లో బల్బులకి నల్ల కాగితమో గుడ్డో చుట్టే పని అసలు చేయకండి. నారధూళి అన్ని చోట్లా ఉంటుంది, బల్బు వేడికి అది రాజుకుంటుంది. కిటికీలకే తెర కట్టండి, తెర కట్టాక ధూళి బయటికి పోదు కాబట్టి రోజూ ఊడ్చే పని రెండింతలు చేయండి. మన గోగునార రైతులకి, మిల్లు కార్మికులకి యుద్ధం అంటే ఆర్డర్లు అని తెలుసు, రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఇసుక బస్తాల కోసం జనపనార సంచులకి గిరాకీ విపరీతంగా పెరిగింది. అలాంటి ఆర్డర్ వచ్చి మూతపడ్డ మిల్లుని హడావిడిగా తెరిస్తే, మెషిన్ల గార్డులు, వైరింగ్, నీటి పైపులు చూడకుండా బెల్ట్ తిప్పనివ్వకండి.

వేసవి అయితే తెరలు కట్టిన షెడ్డులో ఉక్క భరించలేం. చోడి అంబలో మజ్జిగో వెంట తెచ్చుకోండి, ఉప్పు వేసుకుని తాగండి. చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ, నీళ్లతో ఒళ్లు తడుపుతూనే 108కి చేయాలి.

ఇప్పుడు గంటల సంగతి. యుద్ధం రోజుల్లో దేశం కోసం ఇంకో నాలుగు గంటలు అంటారు. దేశం కోసం చేయడానికి ఎవరూ వెనకాడరు, కానీ ఆ నాలుగు గంటలు దేశానికి ఉపయోగపడతాయా అన్నది వందేళ్ల కిందటే పరీక్షించి చూశారు. బ్రిటన్ 1915లో మందుగుండు కార్మికుల ఆరోగ్యం మీద ఒక కమిటీ వేసింది, గంటలు తగ్గించిన చోట మొత్తం ఉత్పత్తి తగ్గకపోగా పెరిగిందని, ఆదివారం పని వల్ల లాభం లేదని తేలింది. పదమూడో గంటలో ఉన్న మనిషి వాల్వ్ నంబర్ తప్పు చదువుతాడు. చట్టం ప్రకారం ఓవర్‌టైంకి రెట్టింపు జీతం ఇవ్వాలి. కోవిడ్ కాలంలో గుజరాత్ ప్రభుత్వం పన్నెండు గంటల పనికి అనుమతిచ్చి ఆ రెట్టింపు అక్కర్లేదంటే సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 1న ఆ నోటిఫికేషన్లు కొట్టేసింది. నిజంగా యుద్ధం వస్తే గంటల నియమాలు సడలించే అధికారం ప్రభుత్వానికి చట్టంలోనే ఉంది, కానీ దానికి ప్రభుత్వ ఉత్తర్వు కావాలి, సూపర్‌వైజర్ నోటిమాట చాలదు. ఉత్తర్వు చూపించమని అడగడం దేశద్రోహం కాదు. ఒకే మనిషి వరసగా రెండు షిఫ్టులు చేయకుండా మీలో మీరే ఒప్పందం చేసుకోండి, డబ్బు అవసరం ఉన్నవాడికి సెలవు రోజు ఓటీ ఇప్పించండి కానీ నైట్ మీద నైట్ వద్దు.

ఆర్డర్ మారితే సరుకు కూడా మారుతుంది, ఇది చాలామందికి తట్టదు. మొదటి ప్రపంచ యుద్ధంలో షెల్స్ నింపిన ఆడవాళ్లకి టీఎన్‌టీ వల్ల చర్మం, జుట్టు పసుపురంగుకి మారాయి, కాలేయం చెడి సుమారు వంద మంది చనిపోయారు. మీ బ్లాకులో కొత్త పౌడర్ వచ్చిందంటే దాని సేఫ్టీ డేటా షీట్ (ప్రమాదాలూ జాగ్రత్తలూ రాసి ఉండే కాగితం) తెలుగులో చెప్పమనండి. పని బట్టలు ఇంటికి తేకండి, పిల్లల్ని ఎత్తుకునే ముందు స్నానం చేయండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా పసరు మందుకి వెళ్లకుండా ఆసుపత్రికి వెళ్లి, ఏ ఫ్యాక్టరీలో ఏ పదార్థంతో పనిచేస్తున్నారో డాక్టర్‌కి మీరే చెప్పండి, ఆయన అడగకపోయినా సరే. కాంట్రాక్టు వాళ్లు ఈఎస్ఐ నంబర్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, గేటు రిజిస్టర్‌లో పేరు పడకుండా లోపలికి వెళ్లకండి. ఏదైనా జరిగితే లోపల ఎవరున్నారో తెలిసేది ఆ పుస్తకం వల్లే.

రోడ్డు. 1939 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో బ్లాక్ అవుట్ మొదలైన నెలలో రోడ్డు మరణాలు అంతకుముందు ఏడాది అదే నెలతో పోలిస్తే రెట్టింపయ్యాయి, బాంబులు పడకముందే. రణస్థలం దగ్గర హైవే దాటే చోటు మీకు తెలిసిందే. బ్లాక్ అవుట్ రాత్రి బైకు మీద వెళ్లకండి, కంపెనీ బస్సు అడగండి, నడవాల్సి వస్తే తెల్ల చొక్కా వేసుకోండి. నైట్ షిఫ్ట్‌లో ఆడవాళ్లు ఉంటే వాళ్లని ఇంటి గుమ్మం దాకా దింపే బండి లేకుండా షిఫ్ట్ వేయకూడదు.

ఇంట్లో వాళ్లతో ఒక మాట అనుకోండి: సైరన్ మోగితే ఫోన్ చేయొద్దు, నెట్‌వర్క్ ఎలాగూ దొరకదు, తగ్గాక నేనే మెసేజ్ పెడతాను. ప్లాంట్ వీడియో తీసి ఎవరికీ పంపకండి. పొగ కనిపిస్తే చూడ్డానికి పరిగెత్తకండి. 1944లో బొంబాయి డాక్‌లో మధ్యాహ్నం రెండు ప్రాంతంలో పొగ కనిపించింది, నాలుగు దాటాక పేలింది, రెండో పేలుడు ఇంకో అరగంటకి. ఆ రెండు గంటల్లో దూరంగా వెళ్లినవాళ్లు బతికారు.

ఆఖరుగా, అంతా సద్దుమణిగి ప్లాంట్ మళ్లీ మొదలుపెట్టే రోజు. అందరూ ఊపిరి పీల్చుకునే ఆ రోజే జాగ్రత్త ఎక్కువ కావాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది లాక్‌డౌన్ తర్వాత ప్లాంట్ తెరిచే సమయంలోనే. నిల్వ ఉంచిన ట్యాంకుల ఉష్ణోగ్రత, కూలింగ్, గ్యాస్ అలారాలు, ఫైర్ పంపు, స్క్రబ్బర్ (విషవాయువుని కడిగే యంత్రం), ఇవన్నీ చూసి ఇన్‌ఛార్జి సంతకం పెట్టిన కాగితం మీ కళ్లతో చూశాకే లోపలికి వెళ్లండి. సంతకం లేదంటే గేటు బయటే ఉండి యూనియన్‌కో, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కో ఫోన్ చేయండి. మంటకి 101, దేనికైనా 112.