4కే మానిటర్‌లో బొమ్మ నిజంగా బాగుందా? మీ కళ్లతో మీరే తేల్చుకోండి

షాపులో ఆడుతున్న డెమో వీడియో చూసి మాత్రం మానిటర్ కొనొద్దు. రంగురంగుల చిలుకలు, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద నీటి చుక్కలు, బ్రైట్‌నెస్ వందకు వంద, కలర్ మోడేమో రంగుల్ని గాఢం చేసే వివిడ్. ఆ వీడియో తీసిందే స్క్రీన్‌ను గొప్పగా చూపించడానికి, పైగా ఆ చిలుక అసలు రంగేంటో మనకు తెలీదు కాబట్టి తప్పు చూపించినా పట్టుకోలేం. ఏ బొమ్మ అసలు ఎలా ఉంటుందో మీకు బాగా తెలుసో దాన్ని పెట్టి చూస్తేనే మానిటర్ సంగతి బయటపడుతుంది.

అందుకే కడపలో నన్ను ఎవరు అడిగినా పెన్‌డ్రైవ్‌లో మీ సొంత సరుకు వేసుకుని పొమ్మంటాను. గండికోటకు పోయినప్పుడు తీసిన లోయ ఫొటో ఒకటి, ప్రొద్దుటూరులో కొన్న నగ వేసుకుని ఇంట్లోవాళ్లు దిగిన ఫొటో ఒకటి, వంటింటి గట్టు మీది కడప రాయిని కిటికీ వెలుతురులో దగ్గరగా తీసింది ఒకటి, చిన్న అక్షరాల తెలుగు పీడీఎఫ్ ఒకటి. ఫొటోలు కెమెరా నుంచో ఫోన్ నుంచో నేరుగా కాపీ చేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపించుకున్నవి పనికిరావు, అది సైజు కుదించేస్తుంది. 4కే అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు. ఫొటోలోనే అన్ని లేకపోతే మానిటర్ యాడనుంచి తెస్తుంది?

బొమ్మ కంటే ముందు చూడాల్సింది కంప్యూటర్ నుంచి మానిటర్‌కు వచ్చే సిగ్నల్. మంచి మానిటర్‌ను పట్టుకుని బాగాలేదని తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు గొడవ ఇక్కడే ఉంటుంది. విండోస్ అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్లి 3840, 2160 అని ఉందా, 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారడం, వస్తోందా చూడండి. పాత ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు ఉంటే 4కేలో 30 హెర్ట్జే వస్తుంది, మౌస్ కదిపితే బాణం గుర్తు ఆగి ఆగి కదులుతుంది. 60 రావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ ఉండాలి, కేబుల్ కూడా దానికి తగ్గది కావాలి. అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గించే అలవాటు చాలామందికి ఉంది, అది మాత్రం చేయకండి, బొమ్మంతా మసకబారుతుంది. రిజల్యూషన్ అట్లే ఉంచి, అక్షరాల సైజు పెంచే స్కేలింగ్‌ను 150 శాతం పెట్టుకోండి. 27 అంగుళాల స్క్రీన్‌కు అది చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు అక్షరాలు. నా వరకు మానిటర్ పరీక్షల్లో ఇదే పెద్దది, ఎందుకంటే రోజంతా మనం చూసేది చిలకల్ని కాదు, అక్షరాల్ని. ఇంగ్లిష్ అక్షరాలు ఏ స్క్రీన్ మీదైనా సర్దుకుంటాయి, మన అక్షరాలు సర్దుకోవు. పీడీఎఫ్ తెరిచి చిన్న సైజులో 'స్త్రీ', 'లక్ష్మి', 'కర్తవ్యం' లాంటి మాటలు చూడండి. తలకట్టుకూ అక్షరానికీ మధ్య సందు కనిపిస్తోందా, గుడి ఎక్కడ ఆగింది, గుడిదీర్ఘం ఎక్కడ మెలిక తిరిగింది, కింది వొత్తు ముద్దలా అయిపోయిందా. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 92 పిక్సెళ్లే ఉంటాయి, 27 అంగుళాల 4కేలో 163 దాకా ఉంటాయి. మామూలు చూపున్నవాళ్లకు రెండడుగుల దూరం నుంచి 4కేలో విడివిడి చుక్కలు కనిపించకూడదు. కనిపించినా, అక్షరాల అంచుల చుట్టూ తెల్లటి గీత మెరుస్తున్నా, మానిటర్ మెనూలో షార్ప్‌నెస్ ఎక్కువ పెట్టి ఉందేమో చూడండి. దాన్ని మధ్యకు తెచ్చి ఒక్కో మెట్టూ మారుస్తూ ఆ తెల్లగీత పోయేదగ్గర ఆపండి. కళ్లద్దాలు వాడేవాళ్లు అద్దాలు పెట్టుకునే చూడాలి, రెండు నిమిషాలే కదా అని తీసేసి చూడొద్దు.

అక్షరాలతోనే ఇంకో పరీక్ష ఉంది. నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్రటి సన్న అక్షరాలు రాసి చూడండి. తెలుపు మీద నలుపు అక్షరాలు స్పష్టంగా ఉండి, ఈ ఎర్రవి మాత్రం అంచులు చెదిరి పూసినట్టు కనిపిస్తే రంగు సమాచారం దారిలోనే కొంత పోతోందని అర్థం. కేబుల్‌లోనో పోర్టులోనో చోటు చాలనప్పుడు వెలుగు ఎంతో ప్రతి పిక్సెల్‌కూ విడిగా పంపి, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే పంపుతారు. దాన్ని 4:2:0 అంటారు. సినిమా చూసేటప్పుడు తెలీదు, డిజైన్ పని చేసేవాళ్లకు, ఎక్సెల్‌లో ఎర్ర అంకెలు చూసేవాళ్లకు మాత్రం కళ్లు గుంజుతాయి. కేబుల్, పోర్టు తగినవైతే గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్స్‌లో ఆర్‌జీబీ లేదా 4:4:4 (రంగును కూడా ప్రతి పిక్సెల్‌కూ పంపేవి) పెడితే పోతుంది. మానిటర్ బదులు 43 అంగుళాల టీవీ వాడేవాళ్లు ఆ ఇన్‌పుట్‌కు పీసీ మోడ్ పెట్టాలి, చాలా టీవీల్లో అది పెట్టేదాకా ఇదే బాధ.

నలుపు దగ్గరికి వద్దాం. కడప రాయి ఫొటో తీసుకురమ్మన్నది దీనికోసమే. ఆ రాయి దూరం నుంచి నల్లగా ఉంటుంది గానీ దగ్గరగా చూస్తే బూడిద రంగు, సన్నటి పొరలు, అరిగినచోట లేత మచ్చలు అన్నీ ఉంటాయి. మీ ఇంటి గట్టే కాబట్టి అవి ఎక్కడున్నాయో మీకు తెలుసు. స్క్రీన్ మీద ఆ పొరలన్నీ కలిసిపోయి తారు పూసినట్టుంటే చీకటి భాగాల్లో వివరం పోతోంది. రాయంతా వెలిసిపోయి సిమెంటు రంగులో ఉంటే నలుపు నలుపుగా రావట్లేదు. రెండూ సెట్టింగ్ తప్పు వల్ల కూడా వస్తాయి. నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును అంకెల్లో పంపుతారు. కంప్యూటర్ 16 నుంచి 235 దాకా పంపుతుంటే మానిటర్ 0 నుంచి 255 దాకా వస్తుందనుకుంటే బొమ్మ వెలిసిపోతుంది, దీనికి తిరగబడితే చీకటి వివరాల్ని నలుపు మింగేస్తుంది. ముందు ఆ రేంజ్ రెండు చోట్లా ఒకేలా పెట్టి తర్వాత తీర్పు చెప్పండి. ఇంకొంచెం గట్టిగా చూడాలంటే ఏ ఫొటో ఎడిటర్‌లోనైనా పూర్తి నలుపు మీద 3, 6, 9, 12, 15 విలువలతో గళ్లు గీయండి. చీకటి గదిలో 9 నుంచి పైవన్నీ కనిపించాలి, 3 లీలగా కనిపించినా చాలు. అలాగే పూర్తి తెలుపు మీద 252, 249, 246 గళ్లు. అవి కనిపించకపోతే మెనూలో కాంట్రాస్ట్ తగ్గించండి.

రంగుల విషయంలో తొందర వద్దు. స్క్రీన్ ఆన్ చేసి అరగంట వదిలేయండి, స్క్రీన్‌ను పసుపుగా మార్చే నైట్ లైట్ ఆపేయండి, మెనూలో ఎస్‌ఆర్‌జీబీ (మామూలు ఫొటోలు, వెబ్‌సైట్లు వాడే రంగుల ప్రమాణం) మోడ్ ఉంటే పెట్టండి, లేకపోతే తెలుపు ఛాయను మార్చే కలర్ టెంపరేచర్ 6500 పెట్టండి. పక్కనే ఒక తెల్ల కాగితం పెట్టి స్క్రీన్ తెలుపు దానికంటే మరీ వెలిగిపోకుండా బ్రైట్‌నెస్ తగ్గించండి. మన దగ్గర ఎండాకాలం కిటికీ తెరిచి ఉంటే ఏ మానిటరైనా డల్‌గానే ఉంటుంది, అందుకని సాయంత్రం కర్టెన్ వేసి చూడటం మేలు. ఇప్పుడు నగ ఫొటో తెరిచి, వీలైతే ఆ నగను పక్కనే పెట్టుకోండి. బంగారం నారింజ రంగుకు తిరిగినా, ముఖాలకు ఎండదెబ్బ తగిలినట్టు ఎరుపెక్కినా ఆ మానిటర్ రంగుల్ని సాగదీస్తోంది. ఇప్పుడు చాలా మానిటర్లు ఎస్‌ఆర్‌జీబీ కంటే ఎక్కువ రంగులు చూపగలవు, అది మంచిదే, కానీ మామూలు ఫొటోను అదుపు లేకుండా అందులో వదిలితే ఇట్లే అవుతుంది. ఫోన్‌తో మాత్రం పోల్చకండి, ఫోన్లు చాలావరకు ముందే వివిడ్‌లో ఉంటాయి.

గండికోట ఫొటోను 100 శాతం జూమ్‌లో పెట్టి ఎర్ర రాతి పగుళ్లు, కింద పెన్నా ఒడ్డు, నీడ పడ్డ గోడ చూడండి. ఎండ తగిలిన రాయిలోనూ నీడలోని రాయిలోనూ ఒకేసారి వివరం కనిపిస్తోందంటే కాంట్రాస్ట్ సరిగ్గా ఉన్నట్టే. ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు కనిపిస్తే వెంటనే మానిటర్‌ను అనొద్దు, జేపెగ్ కుదింపు వల్ల కూడా అవి వస్తాయి. నలుపు నుంచి తెలుపు దాకా స్క్రీన్ నిండా గ్రేడియెంట్ గీసి చూస్తేనే తేలుతుంది. మామూలు 8 బిట్ బొమ్మలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే కాబట్టి 3840 వెడల్పులో ఒక్కో మెట్టు 15 పిక్సెళ్లు వస్తుంది, అది సహజం. అంతకంటే వెడల్పు పట్టీలు వచ్చినా, బూడిద రంగులో గులాబీ, పచ్చ ఛాయలు తేలినా అది లోపం.

తర్వాత స్క్రీన్ నిండా ఒకే రంగు పెట్టండి. మధ్యస్థ బూడిద రంగులో మరకలు, ఒక పక్క గులాబీ ఛాయ ఉన్నాయేమో చూడండి. గది చీకటి చేసి నలుపు పెట్టినప్పుడు మూలల్లో వెలుగు కనిపిస్తే తల పక్కకు జరపండి. వెలుగు కూడా జరిగితే అది ఐపీఎస్ గ్లో, ఐపీఎస్ అనే రకం ఎల్‌సీడీ ప్యానెల్‌కు అది మామూలే. ఎటు జరిగినా అక్కడే ఉంటే బ్యాక్‌లైట్ బ్లీడ్, అంటే స్క్రీన్ వెనక దీపం వెలుగు బయటికి కారడం. ఫోన్‌తో ఫొటో తీస్తే ఇది ఉన్నదానికంటే భయంకరంగా పడుతుంది, కాబట్టి ఆ ఫొటో చూసి టెన్షన్ పడొద్దు, కంటికి కనిపించిందే లెక్క. ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు, నలుపు వరసగా మార్చి చనిపోయిన పిక్సెల్ వెతకండి, ముందు గుడ్డతో దుమ్ము తుడిచి మరీ.

హెచ్‌డీఆర్ (వెలుగు చీకట్ల తేడాను ఇంకా ఎక్కువగా చూపించే పద్ధతి) అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 అనే ప్రమాణం స్థాయిలో లోకల్ డిమ్మింగ్ (వెనక దీపాన్ని చోటును బట్టి విడివిడిగా తగ్గించడం) తప్పనిసరి కాదు, అంటే ఒక పక్క వెలుగు పెరిగితే నలుపు కూడా లేస్తుంది.

ఒకటి రెండు చుక్కలు పోతే చాలా కంపెనీలు మార్చివ్వవు. ఎన్ని పోతే మారుస్తారో, ఎన్ని రోజుల్లో చెప్పాలో డబ్బులు కట్టకముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. షాపులో కుదరని పరీక్షలన్నీ ఇంట్లో ఆ గడువులోపే ముగించండి, అప్పటిదాకా డబ్బా, థర్మాకోల్ పారేయకండి.