గోడకు అడవి జంతువు ఫోటో పెట్టాలంటే ముందు గోడను చూడండి

రెండేళ్ల కిందట ఫోన్‌లో ఒక చిరుతపులి ఫోటో చూసి ముచ్చటపడి ప్రింట్ ఆర్డర్ పెట్టాను. తీరా వచ్చాక సోఫా పైన అది పోస్టుకార్డంత కనిపించింది. పైగా ఫోన్‌లో మెరిసిన చిరుత ప్రింట్‌లో చీకట్లో కలిసిపోయింది. ఇప్పుడది పిల్లల గదిలో ఉంది.

అందుకే మొదట గోడ. పాత న్యూస్‌పేపర్లు అతికించి 12 బై 18, 16 బై 24, 24 బై 36 అంగుళాల ముక్కలు కత్తిరించండి. టేపుతో అంటించి రెండు రోజులు అలాగే ఉంచితే ఏది నప్పుతుందో కన్నే చెప్తుంది. ఆ రెండు రోజుల్లోనే ఎండ ఎక్కడ పడుతోందో కూడా గమనించండి. కడప ఎండ సంగతి మీకు చెప్పేదేముంది! పడమటి కిటికీలోంచి నేరుగా ఎండ తగిలే గోడ మీదైతే ఎంత ఖరీదు పెట్టిన ప్రింటైనా వెలిసిపోతుంది.

ఇక ఫోటో. పులే కావాలనేముంది? రోళ్లపాడు అభయారణ్యంలో కృష్ణజింకలున్నాయి, వీరాపురం ఊళ్లో కొంగలున్నాయి. నా మనసంతా మాత్రం కలివికోడి మీదే. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పిట్ట 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. రాత్రుళ్లు తిరిగే పిట్ట కాబట్టి దాని ఫోటోలు చాలా అరుదు. ఏ ఫోటో అయినా ఎక్కడ, ఎలా తీశారో ఫోటోగ్రాఫర్‌ని అడగండి. గూటి చుట్టూ కొమ్మలు విరిచి తీసిన పిట్టపిల్లల ఫోటో అయితే నేను కొనను. ఇంటర్నెట్‌లో దొరికింది దించుకుని ప్రింట్ వేయించడం కూడా తప్పే, దాని మీద హక్కు తీసినవాళ్లది.

సైజు లెక్క తేలికే. అంగుళానికి 300 పిక్సెళ్లు (ఫోటోలోని రంగు చుక్కలు) ఉంటే ప్రింట్ చక్కగా వస్తుంది. అంటే 12 బై 18కి 3600 బై 5400 కావాలి. దూరం నుంచి చూసే పెద్ద ప్రింటుకు 200 ఉన్నా నడుస్తుంది.

డబ్బు మొత్తం కట్టేముందు జంతువు కన్ను ఉన్న భాగం మాత్రం చిన్న ముక్కగా ప్రింట్ వేయించి ఇమ్మని అడగండి. ఇంటికి తెచ్చి రాత్రి ట్యూబులైటు కింద చూడండి. కంట్లో మెరుపు, చుట్టూ వెంట్రుకలు విడివిడిగా కనబడాలి. నల్లగా ముద్దకడితే ఫైల్ కాస్త వెలుగు పెంచి మళ్లీ వేయమనండి. నేను ఆ చిరుతకు చేయని పని ఇదే. మెరిసే గ్లాసీ పేపర్‌లో చిరుతకు బదులు మన ట్యూబులైటే కనబడుతుంది, మెరుపు లేని మ్యాట్ పేపర్ తీసుకోండి. ఇంకు పిగ్మెంట్‌ది, అంటే సన్నటి రంగుపొడితో చేసిందైతే రంగులు ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఫ్రేమ్ కట్టేటప్పుడు అద్దానికీ ఫోటోకీ మధ్య మౌంట్ బోర్డు, అంటే ఫోటో చుట్టూ అంచులా వచ్చే మందపాటి అట్ట పెట్టించండి. లేకపోతే వానాకాలం చెమ్మకు ఫోటో అద్దానికి అంటుకుపోతుంది, లాగితే చిరుగుతుంది. ఫోటో నడిమధ్య భాగం నేల నుంచి దాదాపు 5 అడుగుల ఎత్తులో ఉండేలా తగిలించండి. బరువైన ఫ్రేముకు మేకు చాలదు, డ్రిల్ వేసి స్క్రూ బిగించాలి. తుడిచేటప్పుడు నీళ్లు అద్దం మీద చల్లకండి, అంచుల్లోంచి లోపలికి దిగుతాయి. పొడిగుడ్డ చాలు.