క్లియరెన్స్‌కు అడ్డుపడే పాత బాకీలు: సమస్య - పరిష్కారం

అమెరికాలో రక్షణ శాఖ కాంట్రాక్టు ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) కావాలంటే పౌరసత్వం ఉండాలి, ఎస్‌ఎఫ్-86 అనే నేపథ్య వివరాల ఫారం నింపాలి. అర్హత తేల్చేది 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న సీడ్-4 నిబంధనలు. వాటిలోని 13 మార్గదర్శకాల్లో ‘ఎఫ్’ డబ్బు వ్యవహారాలది, ‘ఇ’ వ్యక్తిగత ప్రవర్తనది. నాలుగు లక్షల డాలర్ల ఇంటి లోను నెలనెలా కట్టేవాళ్లకు దీంతో పేచీ లేదు. 900 డాలర్ల ఫోను బిల్లు ఎగ్గొట్టి ఫారంలో ‘లేదు’ అని పెట్టినవాళ్లు రెండింట్లోనూ ఇరుక్కుంటారు.

సమస్య: క్రెడిట్ రిపోర్టులో చార్జ్ ఆఫ్, కలెక్షన్స్ కనిపిస్తున్నాయి

కారణం: కార్డు బిల్లు దాదాపు 180 రోజులు కట్టకపోతే బ్యాంకు దాన్ని చార్జ్ ఆఫ్ చేస్తుంది. చాలామంది ఇది మాఫీ అనుకుంటారు. బ్యాంకు తన పద్దు సర్దుకుందంతే, మీ బాకీ మీ మీదే ఉంది. తరచూ దాన్ని బాకీలు వసూలు చేసే కలెక్షన్ కంపెనీకి అమ్మేస్తారు. రిపోర్టులో కలెక్షన్స్ అంటే ఇదే.

పరిష్కారం: ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల రిపోర్టులూ తీయండి. ఒకదాంట్లో లేని బాకీ ఇంకోదాంట్లో ఉంటుంది. ప్రతి బాకీకీ అసలు ఎవరిది, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, ఎంత, చివరిసారి ఎప్పుడు కట్టారు అన్నవి రాసుకోండి. ఒప్పందం కాగితం మీద వచ్చాకే డబ్బు పంపండి. చిన్నవి ఒకేసారి తీర్చేసి, పెద్దవాటికి వాయిదాలు పెట్టుకోండి. ‘ఉద్యోగం రాగానే కట్టేస్తా’ అనే మాటకు విలువ లేదు. నెలకు 100 డాలర్లయినా ఆపకుండా కట్టిన రసీదులే సాక్ష్యం. కార్డులు కట్టడం మానేయమని చెప్పే సెటిల్‌మెంట్ కంపెనీలకంటే లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థ మేలు. దాన్ని సీడ్-4 కూడా మీకు అనుకూలంగా లెక్కలోకి తీసుకుంటుంది.

ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు కారణమైతే ఆ కాగితాలూ పెట్టండి. అవి సగం జవాబే. కష్టం వచ్చాక అప్పులవాళ్లతో మాట్లాడారా, మొహం చాటేశారా అన్నది మిగతా సగం.

సమస్య: ఏడేళ్లు దాటి బాకీ రిపోర్టులోంచి పోయింది, అయినా అడుగుతున్నారు

రిపోర్టులోంచి పోవడం వేరు, తీరడం వేరు. కోర్టులో వసూలుకు కాలదోషం పట్టిందన్నా అదే జవాబు వస్తుంది. బ్యాంకు నిజంగా వదిలేసి బాకీ రద్దయినట్టు చెప్పే 1099-సి ఫారం పంపి ఉంటే, అది పన్ను రిటర్నులో చూపించారా అన్నది తర్వాతి ప్రశ్న.

సమస్య: ఫారంలో ‘లేదు’ అని పెట్టేశారు

అన్నిటికన్నా చెరుపు చేసేది ఇదే. 26వ విభాగం గత ఏడేళ్లలో 120 రోజులు దాటి బకాయిపడ్డారా, కలెక్షన్స్‌కు వెళ్లిందా అని విడివిడిగా అడుగుతుంది. సొంత అప్పే కాదు, మీరు సహసంతకం చేసినదీ, జామీను ఉన్నదీ అందులోకి వస్తాయి. బావమరిది లోనుకు జామీను పెట్టి మరిచిపోయినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. ఆ లోను హైదరాబాద్ బ్యాంకుదైనా ప్రశ్న మారదు. అమెరికా రిపోర్టులో కనబడదని ‘లేదు’ అనకూడదు.

పరిష్కారం: వాళ్లు రిపోర్టు ముందుపెట్టి అడగకముందే మీరే సరిదిద్దాలి. కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరుకు రాతపూర్వకంగా చెప్పండి, ఇంటర్వ్యూ మొదలవగానే దర్యాప్తు అధికారికీ చెప్పండి. చూపించాక ఒప్పుకుంటే, ముందే సరిదిద్దుకున్నారన్న వెసులుబాటు చేజారినట్టే. తెలిసి అబద్ధం రాస్తే ఫెడరల్ చట్టం కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం కూడా. ‘కన్సల్టెన్సీ వాళ్లు వద్దన్నారు’ అన్న సాకు నిలవదు. లాయరో, ఆ ప్రక్రియ బాధ్యతలున్న అధికారో ఇచ్చిన తప్పుడు సలహా అయితేనే కొంత పనికొస్తుంది.

వ్యాఖ్యల గడిలో ఇలా రాస్తే చాలు: ‘2023 ఆగస్టులో ఉద్యోగం పోయింది. కార్డు బాకీ 6,400 డాలర్లు కలెక్షన్స్‌కు వెళ్లింది. 2024 మార్చి నుంచి నెలకు 150 కడుతున్నాను.’ ఏడుపులు, సంజాయిషీలు అక్కర్లేదు.

సమస్య: కొన్నేళ్ల పన్ను రిటర్నులు వేయలేదు

రీఫండ్ వచ్చేదే కదా అని మానేసినా తప్పు తప్పే. పెండింగ్ ఏళ్లవన్నీ వేసేయండి. బాకీ ఉంటే 9465 ఫారంతో అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌ను వాయిదాలు అడగండి, అక్కడి మీ పన్ను లెక్కలు చూపే అకౌంట్ ట్రాన్‌స్క్రిప్టు దగ్గర ఉంచుకోండి. అమ్మానాన్నలతో కలిసి ఇండియాలో ఖాతాలుండి, ఏడాదిలో ఎప్పుడైనా అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల నివేదిక ఎఫ్‌బార్ కూడా వేయాలి.

సమస్య: ఎస్‌ఓఆర్ చేతికొచ్చింది

అంటే అభియోగాల పత్రం. కాంట్రాక్టరు ఉద్యోగికి జవాబుకు 20 రోజుల గడువు. 1.ఎ, 1.బి అని వరసగా ఉన్న ప్రతిదానికీ ‘ఒప్పుకుంటున్నా’ లేదా ‘కాదంటున్నా’ అని ప్రమాణపూర్వకంగా రాయాలి. అన్నిటినీ కలిపి ‘నిజం కాదు’ అంటే జవాబు కింద తీసుకోరు. విచారణ కావాలంటే అందులోనే అడగాలి, లేకపోతే కాగితాల మీదే తేలుస్తారు. రుజువు చేసుకునే భారం మీదే. సందేహం మిగిలితే దేశ భద్రత వైపే తీర్పు.

రసీదులను ఎస్‌ఓఆర్‌లోని వరస సంఖ్యలతోనే కట్టకట్టండి: 1.ఎకి ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంటు, 1.బికి తీరిపోయినట్టు లేఖ. రికార్డు మూసేలోపే అన్నీ చేర్చండి. ప్రతికూలంగా వస్తే అప్పీలు నోటీసుకు 15 రోజులు ఉంటాయి గానీ, అప్పీలు బోర్డు కొత్త సాక్ష్యం తీసుకోదు.