సిరిమానుకు ముందు రెండు రౌటర్లు కలుపుతున్నారా?

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో సిరిమానోత్సవం. పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంది. లైవ్ ఇచ్చే లోకల్ ఛానళ్లకు ఆ రోజు కెమెరాలు పెరుగుతాయి. ఏ కెమెరా బొమ్మ ఏ మానిటర్‌కు, ఏ రికార్డర్‌కు వెళ్లాలో మార్చే పెట్టె వీడియో రౌటర్. ఉన్న 16 ఇన్‌పుట్, 16 అవుట్‌పుట్ వీడియో రౌటర్ చాలదని పక్కన ఇంకోటి పెట్టి కలుపుతారు. కలిపే ముందు ఒక లెక్క వేసుకోండి.

పదహారూ పదహారూ ఇక్కడ 32 అవ్వవు. రెండింటినీ కలిపే ఒక్కో కేబుల్‌కు, అంటే టై లైన్‌కు, ఒక రౌటర్‌లో అవుట్‌పుట్, రెండోదాంట్లో ఇన్‌పుట్ పోతాయి. అటు నాలుగు, ఇటు నాలుగు వేస్తే మిగిలేవి 24 ఇన్‌పుట్లు, 24 అవుట్‌పుట్లు. పైగా ఒకవైపు నుంచి రెండోవైపుకు ఒకేసారి నాలుగు వేర్వేరు బొమ్మలే వెళ్తాయి. ఐదోదానికి దారి ఉండదు. సిరిమాను కదిలే వేళ ఈ సంగతి తెలిస్తే ఎంత టెన్షనో ఆలోచించండి. అందుకే ముఖ్యమైన కెమెరాలు, వాటిలో ఏది ప్రసారం కావాలో ఎంచే స్విచర్ ఒకే రౌటర్ మీద ఉంచండి. టై లైన్లను రికార్డర్లకు, అదనపు మానిటర్లకు వదలండి. ఒక లైన్ ఎప్పుడూ ఖాళీగా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఏ ఇన్‌పుట్ అయినా ఏ అవుట్‌పుట్‌కైనా ఆటంకం లేకుండా వెళ్లేలా 32 ఇన్‌పుట్లు, 32 అవుట్‌పుట్లు కావాలంటే ఇలాంటి రౌటర్లు నాలుగు కావాలి. ప్రతి ఇన్‌పుట్‌నూ రెండుగా పంచాలి, ప్రతి అవుట్‌పుట్ దగ్గరా రెండింట్లో ఒకటి ఎంచే స్విచ్ పెట్టాలి. ఖర్చు ఎక్కువే.

కేబుళ్లు, కనెక్టర్లు అన్నీ 75 ఓమ్‌లవే వాడండి. 50 ఓమ్‌ల బీఎన్‌సీ కనెక్టర్ చూడ్డానికి అలాగే ఉంటుంది, మోసపోవద్దు. హెచ్‌డీ సిగ్నల్ వేగం సెకనుకు 1.485 గిగాబిట్లు. పాత అనలాగ్ బొమ్మలా మెల్లగా మసకబారదు. బాగానే కనిపిస్తూ ఉండి, కేబుల్ కాస్త పొడవైతే ఒక్కసారిగా పోతుంది. టై లైన్లు వీలైనంత పొట్టిగా ఉండాలి. రెండు రౌటర్లకూ ఒకే సింక్ రిఫరెన్స్ (బొమ్మలన్నీ ఒకే తాళంలో నడిపే సిగ్నల్) ఇవ్వండి, లేకపోతే మార్చినప్పుడల్లా బొమ్మ ఎగురుతుంది.

ఒకే మోడల్ రౌటర్లు రెండూ ఫ్యాక్టరీ నుంచి ఒకే ఐపీ అడ్రస్‌తో రావచ్చు. మా కంట్రోల్ రూమ్‌లో ఒకసారి అలాగే తగిలించేసి, పాతది కూడా మాట వినక సగం రాత్రి పోగొట్టుకున్నాం. కొత్తదాన్ని విడిగా ఆన్ చేసి, అడ్రస్ మార్చాకే నెట్‌వర్క్‌లో కలపండి.

కరెంటు విషయంలో మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. అక్టోబరంటే మనకు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్ 12న, 2018లో తిత్లీ 11న వచ్చాయి. రెండు ర్యాక్‌లకూ ఒకే ఎర్త్ ఉండాలి. వేర్వేరు గదుల్లో ఉంటే, కేబుల్ తగిలించే ముందు రెండు బాడీల మధ్య వోల్టేజీ మీటరుతో చూడండి. చూపిస్తే ఎలక్ట్రీషియన్ సరిచేసేదాకా ఆగండి. రౌటర్‌కు రెండు పవర్ సప్లైలుంటే ఒక్కోటి ఒక్కో యూపీఎస్ మీద పెట్టండి.

పనంతా వారం ముందే ముగించండి. సోమవారం, ఉత్సవానికి ముందురోజు జరిగే తొలేళ్ల నాటికి ఒక్క కొత్త కేబుల్ కూడా తగిలించవద్దు. పాత రౌటర్ ఒక్కదాంతోనే లైవ్ నడపాల్సి వస్తే ఏ 16 ఇన్‌పుట్లు ఉంచాలో కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకు అంటించండి.