రక్తంలో కాల్షియం పెరిగిన రోగి: వార్డులో కనిపించే సమస్యలు, వాటి కారణాలు, చేయాల్సినవి

పెద్ద వయసు రోగికి, ముఖ్యంగా క్యాన్సర్ ఉన్నవాళ్లకి, దాహం, మలబద్ధకం, మగత మూడూ కలిసి వస్తే కాల్షియం చూశారా అని డ్యూటీ డాక్టరును అడగండి. విడివిడిగా చూస్తే దేనికి దానికి ఒక కారణం దొరుకుతుంది. దాహం షుగరు వల్ల అంటారు, మలబద్ధకం మార్ఫిన్ వల్ల అంటారు, మగత వయసు మీద తోసేస్తారు. ఈ జబ్బు ఆలస్యంగా బయటపడేది అందుకే.

రిపోర్టు ఒకటి చెబుతోంది, రోగి ఇంకోలా ఉన్నారు

మొత్తం కాల్షియం మామూలుగా డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మి.గ్రా. ఉంటుంది. 12 లోపు పెరిగితే స్వల్పం, 12–14 మధ్య అయితే మధ్యస్థం, 14 దాటితే ఎమర్జెన్సీ. బ్రిటన్‌లో పనిచేసే నర్సులకు రిపోర్టు మిల్లీమోల్స్‌లో వస్తుంది. దాన్ని 4తో గుణిస్తే మన లెక్కలోకి వస్తుంది, అంటే అక్కడ 3.5 అంటే ఇక్కడ 14.

రక్తంలోని కాల్షియంలో సగానికి కాస్త తక్కువ ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. చిక్కిపోయిన రోగికి ఆల్బుమిన్ తక్కువ కాబట్టి అంకె చూస్తే కంగారు పడేలా ఉండదు. 4లోంచి ఆల్బుమిన్ (డెసిలీటరుకు గ్రాముల్లో) తీసేసి, మిగిలినదాన్ని 0.8తో గుణించి, రిపోర్టులోని కాల్షియానికి కలపండి. కాల్షియం 10.6, ఆల్బుమిన్ 2.2 అనుకుందాం. కలపాల్సింది 1.44, అసలు విలువ 12 పైనే. అయనైజ్డ్ కాల్షియం (ప్రోటీన్లకు అంటకుండా విడిగా ఉన్నది) కొలిచే ల్యాబ్ ఉంటే ఈ లెక్క కంటే అదే నమ్మకం.

శాంపిల్ తీయడంలోనూ తేడాలొస్తాయి. టోర్నికే (చేతికి కట్టే పట్టీ) నిమిషం దాటి బిగించి ఉంచితే రక్తం చిక్కబడి కాల్షియం ఎక్కువ చూపిస్తుంది. ఊదారంగు మూత ట్యూబులోని ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే రసాయనం) కాస్త కలిసినా కాల్షియం తక్కువగా, పొటాషియం బాగా ఎక్కువగా వస్తుంది. అందుకే కాల్షియం ట్యూబును ముందు నింపాలి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీయొద్దు.

యూరిన్ బాగా వస్తోంది, అయినా నాలుక ఎండిపోయింది, బీపీ దిగుతోంది

వార్డులో ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. యూరోబ్యాగ్ నిండుతోంది కదా, కిడ్నీలు బాగున్నాయనుకుంటారు. నిజానికి పెరిగిన కాల్షియం వల్ల కిడ్నీలు నీటిని నిలబెట్టమనే హార్మోన్ మాట వినవు, నీళ్లు ఆగకుండా పోతాయి. వాంతుల వల్ల రోగి తాగలేరు. ఒళ్లు ఎండే కొద్దీ కిడ్నీ కాల్షియాన్ని బయటికి పంపే బదులు తిరిగి లోపలికి లాక్కుంటుంది. కాల్షియం ఇంకా పెరుగుతుంది, నీరు ఇంకా పోతుంది.

ఈ చక్రాన్ని తెంపేది నార్మల్ సెలైన్. గుండె, కిడ్నీ తట్టుకునేవాళ్లకి సాధారణంగా గంటకు 200–300 మి.లీ.తో మొదలుపెట్టి, యూరిన్ గంటకు 100–150 మి.లీ. వచ్చేలా సర్దుతారు. పంపు లేని వార్డులో మి.లీ.కి 20 చుక్కల సెట్ అయితే గంటకు 250 మి.లీ. అంటే నిమిషానికి 83 చుక్కలు. సెట్ కవరు మీద 15 అని ఉంటే 62 చాలు. కవరు చదవకుండా చుక్కలు లెక్కపెట్టి లాభం లేదు. రింగర్ లాక్టేట్‌లో కాల్షియం ఉంటుంది, చేతికందిన సీసా అని అది తగిలించొద్దు.

ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు గంటగంటకీ రాయాలి. షిఫ్టు చివర్లో అందాజుగా నింపిన చార్టును చూసి డాక్టరు డ్రిప్ వేగం మారిస్తే నష్టం రోగికే. రోజూ ఒకే వేళకి బరువు చూడండి. సోడియం, పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ కూడా గమనిస్తుండాలి, ఎందుకంటే ఇంత యూరిన్‌తో పాటు పొటాషియం, మెగ్నీషియం కూడా పోతాయి.

సెలైన్ ఎక్కుతుండగా ఆయాసం, ఊపిరితిత్తుల అడుగున చిటపట శబ్దం

నీరు ఎక్కువైంది. డ్రిప్ నెమ్మది చేసి, తలవైపు ఎత్తి, ఆక్సిజన్ శాచురేషన్ చూసి డాక్టరును పిలవండి. యూరిన్ ఎక్కువ తెప్పించే ఫ్యూరోసెమైడ్ ఇక్కడే పనికొస్తుంది. కాల్షియం దించడానికని మొదటి రోజు నుంచే అందరికీ ఇచ్చే పాత అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. ఒంట్లో నీరు నిండకముందే ఇస్తే ఎండిన రోగిని ఇంకా ఎండగట్టినట్టే.

మగత, తికమక, మాట తడబాటు

కాల్షియం పెరిగితే నరాలు, కండరాలు మందగిస్తాయి. రిఫ్లెక్సులు తగ్గుతాయి, కాళ్లలో బలం ఉండదు. ప్రతి 4 గంటలకు స్పృహ స్థాయి రాయండి, సైడ్ రెయిల్స్ ఎత్తి ఉంచండి. మగతగా ఉన్నప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దని ఇంటివాళ్లకి గట్టిగా చెప్పాలి. ఎముకలకు క్యాన్సర్ పాకిందనుకుంటే చేయి పట్టి లాగకుండా, ఇద్దరు పట్టుకుని దుప్పటితోనే తిప్పాలి. చిన్న ఒత్తిడికే ఎముక విరగొచ్చు. అలాగని పడుకోబెట్టేసినా తప్పే. శరీర బరువు పడని ఎముక కాల్షియాన్ని రక్తంలోకి వదులుతుంది. డాక్టరు ఒప్పుకుంటే మంచం పక్కన నిలబెట్టడమైనా చేయించండి.

మోషన్ లేదు, పొట్ట ఉబ్బరం, వాంతులు

పేగు కండరం మందగించడమే కారణం. నీళ్లు సరిపడా లోపలికి వెళ్లాక లాక్టులోజ్ లాంటివి పనిచేస్తాయి. నీళ్లు తాగలేని మనిషికి ఇసబ్గోల్ ఇస్తే ఇంకా బిగుసుకుంటుంది. కడుపు మంటకని కాల్షియం కార్బొనేట్ ఉన్న యాంటాసిడ్ చప్పరించనివ్వకండి. పైపొట్టలో మొదలైన నొప్పి వీపులోకి పాకితే వెంటనే చెప్పండి, అది పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) కావచ్చు.

పల్స్ నెమ్మదించింది, ఈసీజీలో క్యూటీ (గుండె కింది గదులు కొట్టుకుని తేరుకునే వ్యవధి) కురచగా ఉంది

మానిటర్ పెట్టండి. రోగి గుండె మందు డిగాక్సిన్ వాడుతున్నారేమో కేస్‌షీటు చూడండి. కాల్షియం ఎక్కువున్నప్పుడు డిగాక్సిన్ విషం త్వరగా తలకెక్కుతుంది. తర్వాతి డోసు ఇచ్చే ముందే డాక్టరును అడగాలి.

ఇంజెక్షన్ ఇచ్చి రోజు గడిచింది, అంకె కదల్లేదు

కాల్షియం దించే మందుల్లో ఏది ఇచ్చారో చూడాలి. కాల్సిటోనిన్ 4–6 గంటల్లో పని మొదలుపెడుతుంది. కిలోకి 4 యూనిట్ల చొప్పున, 60 కిలోల మనిషికి 240 యూనిట్లు, 12 గంటలకోసారి ఇస్తారు. కానీ దాదాపు 48 గంటల తర్వాత దాని పస తగ్గిపోతుంది. జోలెడ్రోనిక్ యాసిడ్ ప్రభావం కనబడాలంటే 2 నుంచి 4 రోజులు పడుతుంది. అందుకే రెండూ కలిపి మొదలుపెడతారు. మొదటి రోజు జోలెడ్రోనిక్ పని చేయలేదని మళ్లీ డోసు అడగొద్దు.

జోలెడ్రోనిక్ 4 మి.గ్రా.ను 100 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపి కనీసం 15 నిమిషాలపాటు ఎక్కించాలి. వేగంగా పంపితే కిడ్నీ దెబ్బతింటుంది. ఎముకలు గుల్లబారడానికి వాడే 5 మి.గ్రా. సీసా వేరు, లేబుల్ చూసుకోండి. క్రియాటినిన్ రిపోర్టు రాకుండా మొదలుపెట్టొద్దు. ఆ రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులు రావడం మామూలే. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి డెనోసుమాబ్ ఇంజెక్షన్ గానీ డయాలిసిస్ గానీ ఆలోచిస్తారు.

తగ్గింది, మళ్లీ పెరిగింది

మూలం అలాగే ఉంది. పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) పరీక్షతో దారి తేలుతుంది. కాల్షియం ఎక్కువుండి పీటీహెచ్ తగ్గకపోతే ఎక్కువగా మెడలోని పారాథైరాయిడ్ గ్రంథిలో పెరిగిన గడ్డ కారణం. పీటీహెచ్ అణిగిపోతే క్యాన్సర్, విటమిన్ డి అతి, టీబీ, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల వాపు గడ్డలు వచ్చే జబ్బు) వైపు చూడాలి.

మన దగ్గర మందుల సంచి తెరిపించడం తప్పనిసరి. వారానికొకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల విటమిన్ డి రోజూ వేసుకునేవాళ్లున్నారు, మోకాళ్ల నొప్పులకని 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ పదేపదే చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. ఈ విటమిన్ కొవ్వులో నిలవ ఉంటుంది కాబట్టి ఆపేసినా వారాలు, ఒక్కోసారి నెలలు కాల్షియం పెరుగుతూనే ఉంటుంది. వీళ్లకీ, టీబీ, సార్కాయిడోసిస్ కేసుల్లోనూ స్టెరాయిడ్ పనిచేస్తుంది. పేరు చివర ‘హెచ్’ ఉన్న బీపీ మాత్రలో చాలావరకు హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంటుంది, అదీ కాల్షియం పెంచుతుంది. మానసిక జబ్బుకు ఇచ్చే లిథియం వాడుతున్నారేమో కూడా అడగండి.

ఇంటివాళ్లు ముందు పాలు, పెరుగు మానిపిస్తారు. విటమిన్ డి అతి అయినవాళ్లకి అది సబబే. క్యాన్సర్ వల్ల పెరిగినప్పుడు కాల్షియం ఎముకల్లోంచి వస్తుంది, తిండిలోంచి కాదు. నాలుగు ముద్దల పెరుగన్నమే దిగే మనిషికి అదీ ఆపేస్తే మిగిలేది నీరసమే.

పారాథైరాయిడ్ ఆపరేషన్ తర్వాత పెదవుల చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు

ఇప్పుడు కాల్షియం ఉండాల్సిన దానికంటే కిందికి పడిపోయింది. ఇన్నాళ్లూ కాల్షియం పోగొట్టుకున్న ఎముకలు ఒక్కసారిగా దాన్ని పీల్చుకుంటాయి. బీపీ కఫ్‌ను పై అంకెకు మించి 3 నిమిషాలు ఉబ్బించి చూడండి, చేయి కొంకర్లు పోతే వెంటనే కబురు చేయండి. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఆంపూల్స్ మంచం దగ్గరే ఉండాలి. 10 మి.లీ.ను పలుచన చేసి 10 నిమిషాలపాటు, ఈసీజీ చూస్తూ ఎక్కిస్తారు. క్యాన్యులా నరంలో ఉందో లేదో ముందు సెలైన్‌తో ఫ్లష్ చేసి చూడాలి, ఈ మందు బయటికి కారితే చర్మం కుళ్లిపోతుంది.